ఘాట్ ఎక్కేటప్పుడు ఆర్పీఎం ఎక్కడ ఉంచాలి?

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరులో. మా కారు 1.0 లీటర్ టర్బో పెట్రోల్, మాన్యువల్ గేర్లు. మొన్న ఆదివారం అమ్మానాన్నలతో నంది కొండ ఎక్కుతుంటే ఒక మలుపులో మూడో గేర్‌లో ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 1,400కి పడిపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి లాగలేదు. వెనక ఒకటే హారన్లు, చెమటలు పట్టాయి. రెండో గేరు వేశాక, 2,000 దాటగానే ఒక్కసారిగా దూకింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

కారు పుస్తకంలో గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 1,750 నుంచి 4,000 ఆర్పీఎం వరకు, గరిష్ఠ పవర్ 5,500 దగ్గర అని రాశారు. టార్క్‌ని ఆర్పీఎంతో గుణిస్తే వచ్చేదే పవర్ కాబట్టి, 4,000 తర్వాత టార్క్ తగ్గుతున్నా పవర్ పెరుగుతుందని అర్థమైంది. మరి నిండు బండితో ఘాట్‌లో ముల్లు 2,500 దగ్గర ఉంచితే చాలా, ఇంకా పైకి తీసుకెళ్లాలా? మలుపుకు ముందే గేరు తగ్గించాలా? వచ్చే నెల తిరుమల వెళ్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.