టాస్కులో ‘సెక్యూరిటీ’ అనే మాట రాయాలా, వద్దా?

ప్రశ్న: డెవలపర్లు పాస్‌వర్డులు ఎలా దాస్తారో చూడటానికి ల్యాబ్ స్టడీ పెడుతున్నాను. టాస్కు యూజర్ రిజిస్ట్రేషన్ కోడ్ రాయడం. ‘సురక్షితంగా దాచండి’ అని ముందే చెబితే సహజ ప్రవర్తన తెలియదు, చెప్పకపోతే మోసగించినట్టవుతుందేమో. స్కోరింగ్ ఎలా చేయాలో కూడా చెప్పండి.

జవాబు 1: రెండు గ్రూపులు పెట్టండి, ఒకదానికి ‘సురక్షితంగా దాచండి’ అని చెప్పండి, ఇంకోదానికి చెప్పకండి. ఆ తేడాయే మీకు కావలసిన ఫలితం. 2017లో బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 20 మంది విద్యార్థులతో ఇదే చేశారు. చెప్పని 10 మందిలో ఒక్కరూ పాస్‌వర్డును సురక్షితంగా దాచలేదు. చెప్పిన 10 మందిలో 7గురు దాచారు. అంటే తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు, అడగనిది చేయకపోవడం కూడా. సమ్మతి పత్రంలో ‘సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ అధ్యయనం’ అనే రాయండి, కానీ ఎథిక్స్ కమిటీకి అసలు ఉద్దేశం ముందే చెప్పాలి. అయిపోగానే పాల్గొన్నవాళ్లకీ వివరించి, డేటా వెనక్కి తీసుకునే వీలివ్వండి. ‘ఇది నిజం ప్రాజెక్టైతే ఇలాగే రాసేవారా?’ అని చివర్లో తప్పక అడగండి. ‘స్టడీయే కదా అని వదిలేశాను’ అనేవాళ్లు ఉంటారు.

జవాబు 2: కోడ్ పనిచేయడానికీ సెక్యూరిటీకీ కలిపి ఒకే స్కోరు వేయకండి, దయచేసి. 2016లో 54 మంది ఆండ్రాయిడ్ డెవలపర్లతో జరిగిన అధ్యయనంలో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో మాత్రమే చూసినవాళ్ల కోడ్, అధికారిక డాక్యుమెంటేషన్ మాత్రమే చూసినవాళ్ల కోడ్ కన్నా బాగా పనిచేసింది, కానీ అంత సురక్షితంగా లేదు. కలిపేస్తే ఆ తేడా మాయమవుతుంది. హాష్ (పాస్‌వర్డును వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చడం) ఉందా, ఏ అల్గారిథమ్, సాల్ట్ (హాష్‌కి ముందు పాస్‌వర్డుకి కలిపే అదనపు విలువ) ప్రతి యూజర్‌కీ వేరా, అది ర్యాండమా, ఇటరేషన్లు (హాష్‌ను ఎన్నిసార్లు తిప్పి చేశారో) ఎన్ని — వీటికి విడివిడిగా మార్కులు. లైబ్రరీ పేరు చూసి మార్కులు వేస్తే దెబ్బతింటారు: పీబీకేడీఎఫ్2 (పాస్‌వర్డులకి వాడే ఒక హాష్ పద్ధతి) వాడి ఇటరేషన్లు 1 అని పెట్టినా కోడ్ నడుస్తుంది, కానీ రక్షణ బలహీనం. ఎవరిది ఏ గ్రూపో తెలియని ఇద్దరు విడిగా స్కోరు చేసి, ఆ ఇద్దరి మార్కులు ఎంతవరకు కలుస్తున్నాయో చెప్పే కోహెన్ కప్పా లెక్కించండి.

జవాబు 3: పై రెండూ సరే. అందరికీ ఒకే వర్చువల్ మెషీన్ ఇచ్చి, బ్రౌజర్ హిస్టరీ, కాపీ-పేస్టులు రికార్డ్ చేయండి. బేస్64ను (ఎవరైనా వెనక్కి తిప్పగలిగే మామూలు ఎన్‌కోడింగ్) ఎన్‌క్రిప్షన్ అనుకుని వాడారా, ఏదో పోస్టులోంచి దించారా అన్నది తుది కోడ్‌లో కనబడదు. ఆన్‌లైన్లో మనుషుల్ని తీసుకుంటే ప్రోగ్రామింగ్ రానివాళ్లూ వచ్చేస్తారు, చిన్న కోడ్ చూపించి అవుట్‌పుట్ అడిగి వడపోయండి. గ్రూపుకి 10 మందే ఉంటే గ్రూపుల తేడాను పరీక్షించడానికి కై-స్క్వేర్ టెస్టు వద్దు, చిన్న సంఖ్యలకి సరిపోయే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టు వాడండి.


ప్రశ్న అడిగినవారు: చెప్పని గ్రూపులో ఎవరైనా ‘పాస్‌వర్డ్ హాష్ చేయాలా?’ అని మధ్యలో అడిగితే?

జవాబు 1: ‘మీకు సరైనదనిపించినట్టు చేయండి’ అన్న ఒకే వాక్యం రాసి పెట్టుకుని అందరికీ అదే చెప్పండి. ఎవరు, ఎన్నో నిమిషంలో అడిగారో నోట్ చేసుకోండి, అదీ డేటాయే.