ఉద్దానంలో సర్వే: సంతకం పెట్టిస్తే సరిపోతుందా?

ఎచ్చెర్ల_పీజీ: ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదా, అక్కడ కవిటి, సోంపేట వైపు డయాలసిస్ రోగుల ఇళ్లలో వైద్యం ఖర్చుల మీద ప్రశ్నావళి నింపాలి. సీనియర్లేమో "సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించెయ్, చాలు" అంటున్నారు. మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దాకా వెళ్లాలా?

నాగావళి: వెళ్లాలి. అదీ మొదటి ఇంటి తలుపు తట్టకముందే. డేటా పట్టుకొచ్చాక అనుమతి అడిగితే ఇవ్వరు. రక్తం తియ్యట్లేదు కదా అనుకోకు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఆరోగ్యం మీద చేసే సామాజిక పరిశోధనకీ వర్తిస్తాయి.

కవిటి_కొబ్బరితోట: మాది ఆ ఊళ్లే. ఎవరెవరో వచ్చి రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకెళ్లారు. ఇప్పుడు ఫైలు పట్టుకున్న మనిషి కనబడితే చాలు, మా నానమ్మ "ఏటి బాబూ, మళ్లీ నెత్తురా? ముందు తీసినదాని రిపోర్టేదీ?" అంటుంది. దానికి జవాబు చెప్పి అప్పుడు ఫారం తియ్యండి. ఇంకోటి, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్తే అందరూ మాట్లాడతారు, కానీ ఆవిడ ముందు "వద్దు" అనలేరు. డయాలసిస్ రోగులకు సర్కారు ఇచ్చే నెలకు 10,000 పింఛను ఎక్కడ ఆగిపోతుందోనని భయం. మీరు సర్కారు మనుషులు కారని, జవాబు చెప్పకపోయినా పింఛనుకు ఢోకా లేదని ముందే చెప్పండి.

బొబ్బిలి_స్కాలర్: చదువు రానివాళ్లకు పత్రం చదివి వినిపించాలి. వేలిముద్ర వేయిస్తే పక్కన మీ టీముతో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. ఒక కాపీ వాళ్లకే ఇవ్వాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

నాగావళి: సంతకం సంగతంటే గుర్తొచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టు జరిగింది. 9,543 సమ్మతి ఫారాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్లల తల్లిదండ్రులను అడిగిందెవరు? 2010లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. కాగితాలు లేక కాదు, కట్టలకొద్దీ ఉన్నాయి.

చీపురుపల్లి_లెక్కలు: ఇంట్లో కూర్చుని ఫారాలు నింపే బ్యాచ్‌తో జాగ్రత్త. నిజంగా ఊళ్లో నింపిన ఫారంలో ఖాళీలుంటాయి, "తెలీదు"లుంటాయి. అన్ని గడులూ నిండిపోయి కనబడితే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. కాపీ సంగతీ చూసుకో. యూజీసీ 2018 నియమాల్లో థీసిస్‌కు వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్య, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు.

ఎచ్చెర్ల_పీజీ: వాళ్లకు డబ్బులేమైనా ఇవ్వొచ్చా? జీడితోట పని మానుకుని కూర్చుంటారు మరి.

బొబ్బిలి_స్కాలర్: పోయిన కూలీ, బస్సు ఛార్జీ ఇవ్వొచ్చు. డబ్బు కోసమే ఒప్పుకునేంత ఇవ్వకూడదు. ఎంత ఇస్తావో కమిటీకిచ్చే ప్రొటోకాల్‌లోనే (పరిశోధన ప్రణాళికలోనే) రాసెయ్.

కవిటి_కొబ్బరితోట: డయాలసిస్ రోజున మాత్రం వెళ్లకండి. నాలుగు గంటలు మెషీను దగ్గర పడుకుని వచ్చిన మనిషికి మీ ప్రశ్నలేం పడతాయి? థీసిస్‌లో పేరు తీసేశాం కదా అని ఊరు, వీధి, వయసు, ఇద్దరు కూతుళ్లు అని రాశారనుకోండి, ఎవరో మాకు ఇట్టే తెలిసిపోతుంది. కిడ్నీ ఇల్లంటే ఇక్కడ పెళ్లి సంబంధాలు వెనక్కిపోతాయండీ.