డాబా మీద నీళ్ళు నిలుస్తున్నాయి: రేకులా, పెంకులా, పూతా?

కొబ్బరితోట:
అమలాపురం దగ్గర మా ఇల్లండి. పాత పెంకుటిల్లు తీసేసి నాన్నగారు కట్టించిన డాబా, స్లాబు వెయ్యి చదరపు అడుగులు. నీళ్ళు ఈశాన్యానికే పోవాలని వాలు మొత్తం ఆ మూలకే పెట్టారు. అక్కడ ఉన్నది ఒకటే మూడంగుళాల పైపు. జోరు వాన పడితే ఆ మూల చెరువే. కింద గదిలో సీలింగు పెచ్చులు ఊడి చువ్వ కనిపిస్తోంది, అదో టెన్షన్. మేస్త్రీ పైన రేకులు వేయమంటున్నాడు. రంగుల కొట్టాయన రబ్బరు పూత చాలంటున్నాడు. బాబాయేమో మళ్ళీ బంగాళా పెంకులే వేయిద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సైటు తాత:
ముగ్గురిదీ వినకండి బాబూ, ముందు పైపుల సంగతి చూడండి. గంటకి 100 మిల్లీమీటర్ల వాన లెక్కన నాలుగంగుళాల నిలువు పైపు ఒకటి 40 చదరపు మీటర్ల డాబాకి సరిపోతుంది. మీ వెయ్యి అడుగులంటే 93 చదరపు మీటర్లు. అంటే నాలుగంగుళాలవి మూడు కావాలి. ఆ జోరున గంట కురిస్తే మీ డాబా మీద పడేది తొమ్మిది వేల లీటర్ల పైమాటే. మూడంగుళాల గొట్టం ఎంతకని మింగుతుంది?

ఈశాన్యం పట్టింపు ఉంటే ఉండనివ్వండి. ఉత్తరం గోడకి రెండు, తూర్పు గోడకి ఒకటి పెట్టించండి, వాస్తు పంతులూ కాదనడు.

ఇక వాలు. వాన వెలిసిన గంటకి పైకెక్కి, నీళ్ళు నిలిచిన చోటల్లా అంచు వెంబడి చాక్‌పీసుతో గీత గీయండి. ఆరాక మేస్త్రీ చేత ట్యూబు లెవెల్ (నీళ్ళు నింపిన గొట్టంతో ఎత్తుపల్లాలు చూడటం) పట్టించండి. వందకి ఒకటి కంటే వాలు తగ్గకూడదు, ఇరవై అడుగులకి రెండున్నర అంగుళాల తేడా రావాలి. ఆ వాలు కోసం కాంక్రీటు మాత్రం పోయించకండి. మూడంగుళాల కాంక్రీటంటే చదరపు మీటరుకి 180 కిలోల బరువు, కింద చువ్వ తుప్పు పట్టి ఉంది మరి. ఒక ఇంజనీరుకి చూపించి, ముందు ఆ చువ్వ సంగతి తేల్చుకోండి. పాత గచ్చు తీయించేసి, ఇటుక జల్లితో పలచగా వాలు దిద్దించుకోవచ్చు. పిట్టగోడా స్లాబూ కలిసే మూల గుండ్రంగా దిద్దించాలి, పగులు మొదలయ్యేది అక్కడే. పూత అన్నిటికంటే చివర. నిలిచిన నీళ్ళ కింద ఏ పూతా ఎక్కువ కాలం ఆగదు.

చౌడు మిద్దె:
మాది తాడిపత్రి పక్క. అవ్వావాళ్ళ మిద్దెకు దూలాలు, వాటి మీద బండలు, ఆపైన చౌడు మట్టి. వానలకు ముందు కొత్త చౌడు పరిచి దిమ్మిసతో కొట్టేవాళ్ళు. ఒకటే తూము, అది చాలేది. మా అనంతపురం వాన సంగతి మీకు తెల్సిందే కదా, ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మా లెక్క మీ కోనసీమకు పనికిరాదులే అన్నా.

ఉప్పాడ గాలి:
రేకుల మీద ఒక మాట. గాలికి అవి ఎలా లేచిపోతాయో 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేస్తే మాత్రం ఫ్రేము స్లాబులోకి గట్టిగా బిగించి, ప్రతి రేకుకీ జే బోల్టులు (కొక్కెంలా వంగినవి) పడాలి. చూరు పిట్టగోడ దాటి పక్కవాళ్ళ స్థలంలోకి వెళ్ళకూడదు, చూరు నీళ్ళ తగాదా అంత తేలిగ్గా తెగదు. పెంకులదీ అదే గాలి భయం. పైగా వాటికి బాగా ఏటవాలు కావాలి, దూలాలూ వాసాలూ అంటూ కలప ఖర్చు.

కొబ్బరితోట:
మూడు పైపులు ఖాయం చేశానండి తాతగారూ. పక్కన బాదం చెట్టుంది, ఆకు అడ్డుపడకుండా జాలీ ఎలాంటిది వేయాలి? నీళ్ళు ఇంకుడు గుంతలోకి వదలనా?

సైటు తాత:
చదును జాలీ వద్దు. ఒక్క బాదం ఆకు వెల్లకిలా పడితే నాలుగంగుళాల కన్నం మూసుకుపోతుంది. గుమ్మటంలా పైకి లేచినది అడగండి. పైపు నోరు, చుట్టూ ఉన్న గచ్చు కంటే అంగుళం కిందకి ఉండాలి. ప్లాస్టరింగు చేసేవాడు దాన్ని ఎత్తు చేసేస్తాడు, దగ్గరుండి చూసుకోండి. పిట్టగోడలో రెండంగుళాల ఎత్తున ఓ అడ్డ గొట్టం కూడా పెట్టించండి, అందులోంచి నీళ్ళు బయటికి దూకాయంటే కింద జాలీ మూసుకుపోయిందన్నమాట.

ఇంకుడు గుంత మీ దగ్గర వానాకాలంలో పనిచేయదు బాబూ, నాలుగడుగులు తవ్వితే నీళ్ళే. తోటలోకి కాలువ తీసి బోదెలో కలపండి. సెప్టిక్ ట్యాంకు లైన్లో మాత్రం కలపనివ్వకండి, మేస్త్రీ ఎంత సులువని చెప్పినా సరే.