‘జన్యు నియంత్రణ’ అంటే అణచడమేనా?

శ్రీకాకుళం, డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెప్పేవారు:
కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ అని పేపర్లో రోజూ చూసే పిల్లలు జన్యు నియంత్రణ అన్నా అణచివేతే అనుకుంటున్నారు. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో కణం చూసుకోవడం కదా అది. ఇంకో మాట ఉందా?

ఒక ఉదాహరణ చెబుతాను. ఇటలీలో వల్కానో దీవి దగ్గర సముద్రపు వేడి ఊటల్లో దొరికిన ఆర్కియా (బ్యాక్టీరియా కాని మరో తెగ ఏకకణ సూక్ష్మజీవి) పైరోకాకస్ ఫ్యూరియోసస్. దానికి 100 డిగ్రీల వేడే హాయి. ఆ వేడిలో పీహెచ్ఆర్ అనే ప్రోటీన్ కొన్ని జన్యువుల మొదట్లో డీఎన్ఏని పట్టుకుని ఉంటుంది. జన్యువును చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని అక్కడికి రానివ్వదు. వేడి ఇంకా పెరిగిందా, పట్టు వదిలేస్తుంది. అప్పుడు ప్రోటీన్లు పాడవకుండా కాచే జన్యువులు పనిలోకి దిగుతాయి.

బొబ్బిలి నుంచి:
క్రమబద్ధీకరణ అనొచ్చు కదా మాస్టారూ?

శ్రీకాకుళం:
ఆ మాట ఇప్పుడు లేఅవుట్లకీ కాంట్రాక్టు ఉద్యోగాలకీ స్థిరపడిపోయిందండీ.

బొబ్బిలి నుంచి:
అయితే పగ్గం? బిగించినా సడలించినా పగ్గమే.

శ్రీకాకుళం:
పీహెచ్ఆర్ వరకూ చక్కగా కుదిరింది. కానీ అదే పైరోకాకస్‌లో సర్ఆర్ అని ఇంకొకటుంది. చుట్టూ గంధకం లేనప్పుడు అది డీఎన్ఏని పట్టుకుని, హైడ్రోజన్ తయారుచేసే జన్యువులను నడిపిస్తుంది, గంధకాన్ని వాడుకునే జన్యువులను ఆపుతుంది. గంధకం తగిలితే పట్టు జారి, అంతా తిరగబడుతుంది. ఒకే పట్టు ఒకచోట ఆపడం, ఇంకోచోట నడపడం! పగ్గం బిగిస్తే బండి ఆగాలి గానీ పరిగెత్తకూడదు.

విజయనగరం, తెలుగు మాస్టారు:
‘అదుపాజ్ఞలు’ వాడి చూడండి. ‘ఎవరి అదుపాజ్ఞల్లో ఉంది’ అని మనం అనుకునే మాటే. అదుపు ఆపుతుంది, ఆజ్ఞ నడిపిస్తుంది, రెండూ ఒక్క సమాసంలో ఉన్నాయి.

బొబ్బిలి నుంచి:
బాగుంది. కానీ వేడిని ఇష్టపడే ఆర్కియాలన్నింటికీ ఈ పీహెచ్ఆరేనా?

శ్రీకాకుళం:
కాదండీ, అదే అసలు విశేషం. సల్ఫోలోబస్ 75, 80 డిగ్రీల ఆమ్లపు ఊటల్లో బతుకుతుంది. దానికీ వేడి దెబ్బ తగులుతుంది, కాచుకునే ప్రోటీన్లూ ఉన్నాయి. పీహెచ్ఆర్ మాత్రం లేదు. జన్యువును చదవడం మొదలుపెట్టే టీబీపీ, టీఎఫ్‌బీ ప్రోటీన్లు మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి, మన కణాల్లో వాటికి చుట్టాలున్నాయి. మాస్టారూ, మీ మాటతో రేపటి పాఠానికి శీర్షిక రాసుకున్నాను: ‘పని ఒకటే, అదుపాజ్ఞలు వేరు’.