అప్‌డేట్: అమ్మతో బ్యాంకాక్‌లో నాలుగు రోజులు

మోకాళ్ల నొప్పులున్న, పూర్తి శాకాహారి అయిన మా అమ్మతో మొదటిసారి బ్యాంకాక్ వెళ్లాలనుకుంటున్నామనీ, నాలుగు రోజులకు బస ఎక్కడ చూసుకోవాలనీ ఇదివరకు అడిగాను; మొన్ననే తిరిగి వచ్చాము. నదికి దగ్గరగా, బీటీఎస్ అనే మెట్రో రైలుకు అందుబాటులో ఉండమన్న మీ సలహా ఎంతో మేలు చేసింది. సురసక్ స్టేషన్ దగ్గర బస చేయడం వల్ల, తరువాతి స్టేషన్ సఫాన్ తాక్సిన్‌లో దిగి, ట్రాఫిక్ బెడద లేకుండా చావో ఫ్రాయా నదిలో పడవ మీదే గుళ్లకు వెళ్లగలిగాము.

వాట్ ఫో ఆలయంలో 46 మీటర్ల శయన బుద్ధుని వెనుక, గోడ పొడవునా 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి. అమ్మ చిల్లర నాణేలు తీసుకుని ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్కటి వేస్తూ, ఆ ఖణేల్‌మనే చప్పుడు వింటూ, నొప్పి సంగతే మరచిపోయి చివరిదాకా నడిచింది. అవతలి ఒడ్డున వాట్ అరుణ్ ఆలయం మెట్లు బాగా నిటారుగా ఉన్నందున అమ్మను నేను ఎక్కనివ్వలేదు. పింగాణీ ముక్కలతో పొదిగిన పువ్వులను కింద నుంచే చూశాము.

రాజభవనం దారిలో ఒకాయన ఈ రోజు మూసివేశారని చెప్పాడు. ఇలా అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారని మీరు ముందే హెచ్చరించారు కనుక ఆగకుండా ద్వారం దాకా వెళ్లాము, తెరిచే ఉంది. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి.

భోజనమే కొంత కష్టమైంది, ఎందుకంటే కూరగాయల వంటకాల్లోనూ చేపల సాస్ వేస్తారు. పసుపు గుడ్డపై ఎర్రని థాయ్ అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న దుకాణాల్లో మాత్రం మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వాడరు. అమ్మ అక్కడే తృప్తిగా తిన్నది.