‘మెడిల్’లో ఆ డకారం ఎక్కడిది?

ప్రశ్న:
ఆంగ్లకవి వర్డ్స్‌వర్త్ 1798 నాటి ‘ది టేబుల్స్ టర్న్‌డ్’ అనే కవితలో ప్రకృతి నేర్పే విద్యను మధురమని కీర్తించి, వెంటనే మన బుద్ధికి ‘మెడ్లింగ్’ అనే విశేషణం తగిలించి, అది వస్తువుల సుందరరూపాలను వికృతపరుస్తుందని అంటాడు. అక్కడ ఉన్నది కేవలం తలదూర్చే బుద్ధేనా, పాత అర్థమేదైనా తొంగిచూస్తోందా?

సమాధానం 1:
తలదూర్చడమే. ‘మెడిల్’ అనే ఈ క్రియ ‘మిడిల్’కు చుట్టమని నా నమ్మకం. ఇద్దరి మధ్యకు వెళ్లడమే కదా జోక్యం! ‘మిడిల్’ మన ‘మధ్య’ శబ్దానికి జ్ఞాతి, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాట కూడాను.

సమాధానం 2:
అయ్యా, ఒక్క అచ్చు తేడాతో దొరికిన పోలికను నమ్మలేము. దీని మూలం ‘కలపడం’ అనే అర్థమున్న లాటిన్ ‘మిస్కేరె’. అది ప్రాచీన ఫ్రెంచి ‘మెస్లెర్’ మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ‘మెడ్లీ’ (కలగాపులగం), ‘మెలే’ (కుమ్ములాట) దీని తోబుట్టువులు. సంస్కృతంలో దీని జ్ఞాతి ‘మధ్య’ కాదు, ‘మిశ్ర’.

సమాధానం 1:
‘మెస్లెర్’లో ఉన్నది సకారం. డకారం ‘మిడిల్’ నుంచి కాకపోతే ఎక్కడి నుంచి వచ్చినట్టు?

సమాధానం 2:
ఆంగ్లో-నార్మన్ ఫ్రెంచిలో, అంటే ఇంగ్లండును జయించిన నార్మన్లు అక్కడ వాడిన ఫ్రెంచిలో, లకారానికి ముందున్న సకారం అలా మారింది. ‘మెడ్లర్’ పండు పేరులోనూ ఇదే జరిగింది. దాని లాటిన్ మూలంలో ఉన్నదీ సకారమే. బాగా మెత్తబడి, కుళ్లినట్టయితే గాని తినడానికి పనికిరాని ఆ పండును షేక్‌స్పియర్ వదలలేదు. ‘యాజ్ యూ లైక్ ఇట్’లో రోజలిండ్ విదూషకుడు టచ్‌స్టోన్‌ను ఆ పండుతో జతకట్టి, సగం పండకముందే కుళ్లిపోతావని అంటున్నప్పుడు, అదే ఉచ్చారణ గల మరో ‘మెడ్లర్’, అంటే పరుల విషయాల్లో తలదూర్చేవాడు అనే అర్థం కూడా వినబడుతుంది.

సమాధానం 3:
షేక్‌స్పియర్ దగ్గరికి వచ్చారు కనుక ‘ట్వెల్ఫ్త్ నైట్’ మూడో అంకాన్ని విడిచిపెట్టకూడదు. మగవేషంలో ఉన్న వయోలాను సర్ టోబీ ద్వంద్వయుద్ధానికి తరుముతూ ఇదే క్రియ వాడతాడు. అక్కడ దాని అర్థం జోక్యం కాదు, కత్తి దూసి తలపడడం. కలవడం కలహంగా పరిణమించిన ఆ తీరు మనకు కొత్త కాదు. ‘కలియబడు’లో ఉన్నదీ ‘కలియు’ ధాతువే.

ప్రశ్నించినవారు:
అలాగైతే వర్డ్స్‌వర్త్ ‘మెడ్లింగ్’లోనూ మిశ్రణం ఉందనుకోవచ్చు గదా? బుద్ధి తన్ను తాను వస్తువుల్లో కలిపేసి వాటి రూపం చెడగొడుతోంది.

సమాధానం 3:
ఒప్పుకోలేను. ఆ చరణం ముగింపు చూడండి. కోసి పరిశీలించడానికి చంపుతున్నామని కవి అంటున్నాడు. విడదీయడాన్ని నిందించే చోట కలపడమనే అర్థం ఎదురు తిరుగుతుంది.

సమాధానం 1:
విడదీయాలన్నా ముందు లోపలికి చొరబడాలి. ‘మధ్య’ అన్న నా ఊహను వ్యుత్పత్తిగా కాకపోయినా, కవి చెవిలో మోగిన ధ్వనిగానైనా నేను నిలబెట్టుకుంటాను.