బ్రౌజర్‌లో పాత ‘సివిలైజేషన్’: సేవ్ ఎక్కడ నిలుస్తుంది, నగరాల్లో అల్లర్లు ఎందుకు?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

1991లో మైక్రోప్రోస్ సంస్థ డాస్ (విండోస్‌కు ముందు తరం ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్ల కోసం విడుదల చేసిన, నగరాలు కడుతూ రాజ్యాన్ని పెంచుకునే సిడ్ మేయర్ ఆట ‘సివిలైజేషన్’ను మళ్ళీ ఆడాలని ఉంది. నా లాప్‌టాప్‌లో కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేదు కనుక బ్రౌజరే గతి. వెతికితే రెండు దారులు కనిపించాయి: ఆ పాత డాస్ ఆటనే ట్యాబ్‌లో నడిపించే ఎమ్యులేటర్ ఒకటి, అదే పోలికలో తయారైన ఫ్రీసివ్ ఆట బ్రౌజర్ రూపం ఇంకొకటి.

పొద్దున్నే వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది కాబట్టి మెజెస్టిక్ దాకా నిశ్చింతగా ఆడుకోవచ్చు. అయితే ఎం.జి. రోడ్డు దాటి రైలు భూగర్భంలోకి దిగిన తరువాత ఫోన్ హాట్‌స్పాట్ నిలకడగా ఉండదు. పైగా డాస్ ఆటను సేవ్ చేసి ట్యాబ్ మూసేస్తే, సాయంత్రం తెరిచేసరికి ఆ సేవ్ కనిపించలేదు. ఫ్రీసివ్‌లోనేమో తిండికి లోటు లేని నగరాలు కూడా కాస్త పెరగగానే అల్లర్లలో పడుతున్నాయి. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో, ఈ అల్లర్లకు కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (వేళచ్చేరి, చెన్నై)

ఏది ఎంచుకోవాలన్న దానికంటే ముందు, ఆట లెక్కలు ఎక్కడ జరుగుతున్నాయో చూసుకోండి. మీ మెట్రో ఇబ్బందికీ, పోయిన సేవ్‌కీ జవాబు అందులోనే ఉంది.

డాస్ ఆట విషయంలో అంతా మీ ట్యాబ్‌లోనే జరుగుతుంది. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌ను ఎమ్‌స్క్రిప్టెన్ అనే అనువాద సాధనం సాయంతో బ్రౌజర్ అర్థం చేసుకునే రూపంలోకి మార్చారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 జనవరిలో వేలకొద్దీ డాస్ ఆటలను బ్రౌజర్‌లో అందుబాటులోకి తెచ్చింది కూడా ఈ పద్ధతిలోనే. ఆట పూర్తిగా లోడ్ అయ్యాక సాధారణంగా నెట్ అవసరం ఉండదు కాబట్టి భూగర్భంలో సిగ్నల్ పోయినా మీ రాజ్యానికి ఏమీ కాదు. అయితే ఆట తన సేవ్ ఫైలును రాసుకునేది ఒక ఊహాత్మక సి డ్రైవ్‌లో, ఆ డ్రైవ్ ఉండేది ట్యాబ్ మెమరీలో. దాన్ని ఇండెక్స్‌డ్ డీబీ అనే బ్రౌజర్ నిల్వలోకి ఎక్కించే ఏర్పాటు కొన్ని సైట్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. లేనిచోట ట్యాబ్ మూయగానే సేవ్ కూడా పోతుంది. అందుచేత కొత్త సైటులో మొదటి నగరం కట్టగానే సేవ్ చేసి, ట్యాబ్ మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్న తరువాతే సాయంత్రాలు ధారపోయండి. ఇన్‌కాగ్నిటో విండోలో మాత్రం ఆడవద్దు. విండోతోపాటే నిల్వ కూడా చెరిగిపోతుంది.

ఫ్రీసివ్ కథ వేరు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు తయారుచేసి 1996 జనవరిలో విడుదల చేసిన ఈ ఆట మొదటినుంచీ సర్వర్, క్లయింట్ అనే రెండు భాగాలుగానే ఉంది. పటం, నియమాలు, సేవ్‌లు సర్వర్ దగ్గర ఉంటాయి. బ్రౌజర్ బొమ్మ గీసి, మీ ఆజ్ఞలను చేరవేస్తుంది, అంతే. వంతులవారీ ఆట కావడంతో నెట్ కాస్త నెమ్మదించినా ఫరవాలేదు కానీ, తెగిపోతే ఆట ఆగిపోతుంది. సర్వర్‌కు తనంతట తాను సేవ్ చేసుకునే ఏర్పాటు ఉంది. ఎన్ని వంతులకు ఒకసారి అన్నది ఆ సైటు నిర్వాహకుల ఇష్టం. కాబట్టి ఎం.జి. రోడ్డు స్టేషన్ వచ్చేలోపు మీరే ఒకసారి సేవ్ చేసుకోవడం మేలు.

సమాధానం (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)

అల్లర్ల సంగతి నేను చెబుతాను. ఈ ఆటలో పౌరులు సంతోషంగా ఉన్నవారు, తృప్తిగా ఉన్నవారు, అసంతృప్తితో ఉన్నవారు అని మూడు రకాలు. ఫ్రీసివ్ క్లాసిక్ నియమాల్లో మామూలుగా నగరంలోని మొదటి నలుగురు తృప్తిగా ఉంటారు, ఆ తరువాత చేరే ప్రతి పౌరుడూ అసంతృప్తితోనే వస్తాడు. అసంతృప్తుల సంఖ్య సంతోషంగా ఉన్నవారి సంఖ్యను మించగానే అల్లర్లు మొదలై, ఆ నగరం నుంచి పన్నులూ విజ్ఞానమూ రావడం ఆగిపోతుంది. తృప్తిగా ఉన్నవారు ఈ లెక్కలోకి రారు. తిండి పుష్కలంగా ఉన్న మీ నగరం అల్లర్లలో పడటానికి కారణం ఇదే. నగరాల సంఖ్య ఒక హద్దు దాటితే ఆ నలుగురు కూడా ముగ్గురవుతారు, కనుక దొరికిన చోటల్లా నగరం కట్టుకుంటూ పోయేవారికి ఈ బెడద ఇంకా ముందే ఎదురవుతుంది.

అప్పటికప్పుడు అల్లర్లు అణచాలంటే, నగర పటంలో పొలం పని చేస్తున్న ఒక పౌరుణ్ణి నొక్కి వినోదకారుడిగా మార్చండి. అతడు రెండు లగ్జరీలు (పౌరులను సంతోషపెట్టే విలాసాలు) ఇస్తాడు, ప్రతి రెండు లగ్జరీలకూ ఒక పౌరుడు తృప్తి నుంచి సంతోషానికి మారతాడు. నిలకడైన ఉపాయం మాత్రం సెరిమోనియల్ బరియల్ విద్యను ముందుగా సాధించడం. దానితో అసంతృప్తిని తగ్గించే ఆలయాలు కట్టవచ్చు. ఆల్ఫాబెట్ మీదుగా కోడ్ ఆఫ్ లాస్ కూడా వస్తే మోనార్కీకి (రాచరిక ప్రభుత్వానికి) దారి తెరుచుకుంటుంది. మొదట ఉండే డెస్పాటిజం అనే నిరంకుశ ప్రభుత్వంలో మూడు లేదా అంతకు మించి ఫలమిచ్చే పటంలోని ప్రతి గడి నుంచీ ఒకటి కోత పడుతుంది. పన్ను, లగ్జరీ, విజ్ఞానాల్లో దేన్నీ 60 శాతం దాటించలేము. ఆ ప్రభుత్వంలో ఎక్కువ కాలం ఉండిపోవడం నా దృష్టిలో శుద్ధ దండగ.

సమాధానం (తాంబరం, చెన్నై)

పైవారు చెప్పినవి సరే కానీ, ఫ్రీసివ్‌ను పాత ఆటే అనుకుని కూర్చోకండి. దాని క్లాసిక్ నియమాల్లో రెండవ ‘సివిలైజేషన్’ పోలికలు చాలా ఉన్నాయి. మీకు 1991 నాటి ఆటే కావాలంటే, ఆ సైటులో సివ్1 అనే నియమావళిని ఎంచుకునే వీలుందేమో చూడండి. ఫ్రీసివ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్న ఆట కాబట్టి ఎవరైనా నిస్సంకోచంగా ఆడుకోవచ్చు, అసలు ఆటకు మాత్రం హక్కుదారులు ఉన్నారని గుర్తుంచుకోండి. డాస్ ఆటలో దళాలను ఐమూలగా నడపడానికి నంబర్ ప్యాడ్ ఉంటే హాయి; చిన్న లాప్‌టాప్‌లో అది ఉండదు. అలాగే కంట్రోల్ మీట మీద వేలు ఉండగా డబ్ల్యూ నొక్కితే ఆటకు బదులు బ్రౌజర్ స్పందించి ట్యాబ్ మూసేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మెట్రోలో డాస్ ఆట, ఇంట్లో ఫ్రీసివ్ అని నిర్ణయించుకున్నాను; సేవ్ నిలిచే సైటు కూడా దొరికింది. ఒక్క సందేహం మిగిలింది: ఆలయం ముందా, మార్కెట్‌ప్లేస్ ముందా? రెండవది లగ్జరీని పెంచుతుందని చదివాను.

సమాధానం (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)

ఆలయమే ముందు. మార్కెట్‌ప్లేస్ ఆ నగరానికి వచ్చే పన్నునూ లగ్జరీనీ 50 శాతం పెంచుతుంది, నిజమే. కానీ లగ్జరీ అసలే రాని చిన్న నగరంలో పెంచడానికి ఏముంటుంది? నదీతీరంలోనో సముద్రం పక్కనో ఉండి వ్యాపారం బాగా సాగే నగరంలో మాత్రం, ఆలయం పూర్తికాగానే మార్కెట్‌ప్లేస్‌ను మొదలుపెట్టండి.